పాపాయి అటక తలుపు

దేశం కాని దేశంలో, బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటలో వడ్రంగి అప్పయ్యకి ఒక్కటే గర్వం. తను బిగించిన తలుపు కిర్రుమనదు. దొర బంగళా నుంచి కూలీల ఇళ్ల లైన్ల దాకా తలుపులన్నీ ఆయన చేతివే. తన ఇంట్లో అటక తలుపు మాత్రం ఆరేళ్లుగా మేకులతో బిగుసుకుని, చెదలు తిని, ఎవరికీ పనికిరాకుండా పడి ఉంది. ఆ మేకులు కొట్టిందీ ఆయనే.

అక్కడ తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులవి. అడవిలో దాక్కున్న తిరుగుబాటుదారులకి తిండి చేరకూడదని సర్కారు ఇంటింటికీ బియ్యం కొలిచి ఇచ్చేది. కొలతకి మించి గింజ దొరికితే జైలు. సరిగ్గా అప్పుడే కూతురు జయమణికి జ్వరం పట్టుకుని వదల్లేదు. భార్య పాపాయి సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంది: శనివారం శనివారం తన వంతు కూడులోంచి పిడికెడు బియ్యం తీసి అటక మీద కుండలో వేస్తాననీ, కుండ నిండాక వండి లైన్లో అందరికీ పెడతాననీ. పిల్ల బతికింది. బియ్యం కుండ మెడ దాకా వచ్చింది. సోదాలు మొదలయ్యాయని విన్న రోజున, పాపాయి రబ్బరు చెట్ల గీత పనికి వెళ్లిన పూట, అప్పయ్య ఆ బియ్యాన్ని ఏట్లో పారబోసి వచ్చి తలుపుకి మేకులు దిగ్గొట్టాడు. ఆమెని అడగలేదు. భయపడ్డాడు, అంతే.

పాపాయి తిట్టలేదు. అదే ఆయన్ని తినేసింది. వండింది, పెట్టింది, నవ్వింది కూడా. మొక్కు మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

మెర్దేకా అంటూ స్వాతంత్ర్య జెండా ఎగిరిన నెలలోనే ఆ చుట్టుపక్కల బియ్యం మీద ఆంక్షలు ఎత్తేశారు. మర్నాడు పొద్దున్నే అప్పయ్య పాత తలుపు పీకేశాడు. మెరంతి చెక్కతో కొత్తది చేశాడు. తాడు లాగితే తలుపు కిందికి వాలి, దానికున్న మడత నిచ్చెన విప్పుకుని నేలకి ఆనాలి. పక్కింటి లారీ డ్రైవరు సెల్లప్పన్ బల్లెక్కి చెక్క పట్టుకున్నాడు.

పాపాయి రబ్బరు గీసి మధ్యాహ్నం ఇంటికొచ్చింది.

"ఏటి మావా, ఇల్లు పీకేస్తన్నావు?"

"పాతది పుచ్చిపోనాది. కొత్తది బిగించినాను."

"దేనికి? పైన ఏటున్నాది మనకి?"

అప్పయ్య తాడు లాగాడు. తలుపు చప్పుడు లేకుండా దిగింది. నిచ్చెన విప్పుకుని, గోడకున్న దేవుడి గూటి పక్కనే ఆగింది.

సెల్లప్పన్ నాలిక కరుచుకుని గూటి వైపు చూడమని వేలు చూపించాడు. "అన్నే, ఇంగ పారు. ఎక్కినోళ్ల కాలు సామి తల మీదకే పోతాది గదా."

అప్పయ్య ముఖం పాలిపోయింది. పాత తలుపు పొయ్యి వైపు తెరుచుకునేది. కొత్తదాన్ని తనే కావాలని ఇటు తిప్పాడు. ముప్పై ఏళ్ల పనిలో ఇంత తెలివితక్కువ పని చెయ్యలేదు.

"పీకేస్తాను. పాపాయీ, సాయంత్రానికి మళ్లీ అటు తిప్పేస్తాను."

"ఇటెందుకు తిప్పినావు?"

"అటేపు పట్టుకోడానికేటీ లేదు. ఇటైతే గోడుంది. నీ మోకాలు..."

సెల్లప్పన్ ఉన్నట్టుండి లారీ గుర్తొచ్చినట్టు వెళ్లిపోయాడు.

పాపాయి గూట్లోంచి అప్పన్న పటం తీసి, కొంగుతో తుడిచి, ఎదుటి గోడకి తగిలించింది.

"అప్పన్న జరుగుతాడులే. ఆయనకి మోకాళ్ల నొప్పుల్లేవు."

అప్పయ్య నేల చూస్తూ అన్నాడు. "ఆ బియ్యం నిన్నడక్కుండా పారబోసినాను. తప్పు సేసినాను."

"నాకూ బయమే కదా మావా. ఒక్క మాట అడిగుంటే ఇద్దరం ఎల్లి పారబోసుందుము." పటం వంకర సరిచేస్తూ మళ్లీ అంది. "రేపు బజారుకెల్తే కుండ తే. సిన్నదే తే. నిండేదాకా మనం ఉండాల గదా. ఈసారి పిడికెడు నీ కూడులోంచి."

అప్పయ్య తలూపాడు. పాపాయి గోడకి చెయ్యి ఆనించి మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. తను చేసిన నిచ్చెన కదలదని తెలిసినా, ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.