గెడ గుంజిన క్రిస్మస్

మా బావ మనిషిని కొట్టగా నేను చూసింది ఒక్కసారే. ఎనభైల మధ్యలో, క్రిస్మస్ నాడు, పట్టపగలు, విమానమెక్కి సెలవులు గడపడానికి వచ్చినవాళ్ళు చూస్తుండగా.

అక్కను ఇచ్చిన ఊరు నర్సంపేట అవతల, అడవి అంచున ఒక పెద్ద చెరువులో ఉంది. ఒడ్డున కాదు, చెరువులోనే. నీళ్ళు నిండితే మధ్యలోని మూడు గుట్టలు దీవులవుతాయి. పెద్ద దీవి మీద పది పన్నెండు ఇళ్ళు, మేకలు, చింతచెట్లు. డెబ్బైలలో నేను వరంగల్‌లో పత్రికా పనిలో కుదురుకుంటున్న రోజుల్లో సెలవంటే నాకు ఆ దీవే. నర్సంపేట దాకా బస్సు, అక్కడి నుంచి దొరికిన ఎడ్లబండి. దినపత్రిక అక్కడికి ఎప్పుడైనా వస్తే ఉల్లిగడ్డల పొట్లంగా వచ్చేది.

ఒడ్డుకూ దీవికీ మధ్య నాలుగు పడవలు తిరిగేవి. ఒకటి బావది. పడవవాడు రేవుకు రాగానే తన గెడను, అంటే పడవను తోసే పొడుగాటి వెదురుబొంగును, బురదలో నాటేవాడు. ఎవరి గెడ ముందుంటే వారిది మొదటి వంతు. అది కదలనిదే వెనక పడవ కదలదు. గెడ నాటినవాడు బువ్వకు పోయినా, పెళ్ళికి పోయినా ఇంకొకరు దాన్ని ముట్టకూడదు. ముట్టినవాడి గెడ విరగ్గొట్టి రేవు నుంచి వెళ్ళగొడతారు. గెడతో మనిషిని కొట్టినవాడికీ అదే శిక్ష. బతికినన్నాళ్ళూ మళ్ళీ వంతు ఉండదు.

క్రిస్మస్ నాడు బావ తెల్లవారేసరికి మొదటి గెడ నాటి, ఒడ్డు మీది ఊళ్ళో ఉన్న చర్చికి పోయేవాడు. మిగతా ముగ్గురు ఆయన వచ్చేదాకా ఎండకు కూర్చునేవారు. దసరాకు వాళ్ళూ అట్లాగే గెడలు నాటి పోతే, వాటి వెనక బావ బీడీలు కాలుస్తూ కూర్చునేవాడు. ఎవరికీ నష్టం లేదు. పండుగ పూట చెరువు దాటడానికి ఎవరొస్తారు?

తర్వాత వరంగల్ శివార్లలో గడ్డి మొలిచి పడివున్న పాత విమానాల మైదానానికి కొత్తగా తారు పోశారు. ప్రయాణికులు కూర్చోవడానికి ఒక గది కట్టారు. పొద్దున ఒక చిన్న విమానం దిగేది, సాయంత్రం తిరిగిపోయేది. ఆఫీసులో దాని మీద నన్ను రాయమన్నారు. విమానం దిగినవాళ్ళు ఆ రోజే ఏమేం చూసి రావచ్చో రాసి, చివర ఆ దీవుల గురించి నాలుగు వాక్యాలు చేర్చాను. జీపులో పోతే మధ్యాహ్నంలోపే చేరవచ్చన్నాను. పడవవాళ్ళు మర్యాదస్తులన్నాను. రెండూ నిజమే.

జీపులు వచ్చాయి. తుపాకులు తెచ్చినవాళ్ళు కొంగలను కాల్చి నీళ్ళలోనే వదిలి పోయేవారు. దీవి బండల మీద సీసాలు పగలగొట్టేవారు. అక్క అరికాల్లో గాజుపెంకు దిగి పదిహేను రోజులు కుంటింది. రేవులో మాటలు పెరిగాయి. ఒక ఆదివారం ఇద్దరు పడవవాళ్ళ చొక్కాలు చిరిగాయని అక్క ఉత్తరం రాయించింది.

ఆ క్రిస్మస్‌కు నేను ఆలస్యంగా చేరాను. రేవులో మూడు జీపులున్నాయి. ముందు గెడ బావది. దాని వెనక, బావ “అన్నా” అని పిలిచే ఎడమచేతివాటం మనిషిది. నల్లద్దాలు పెట్టుకున్న ఒకాయన కేకలేస్తున్నాడు.

“నాలుగు పడవలు పెట్టుకుని ఒక్కటీ కదలదా? మాకు సాయంత్రం ఫ్లైట్ ఉందయ్యా!”

“ముందు గెడ మా తమ్మునిది సారూ. పండుగకు పోయిండు. జర ఆగుండ్రి, వస్తడు,” అన్నాడు ఎడమచేతి మనిషి.

“కర్రకు కాపలా కాస్తున్నారా మీరు?”

“దానికే దండం పెట్టుకోండి, దాటిస్తుంది,” అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఒక జీపు స్టార్ట్ చేసి వెనక్కి తిప్పసాగారు.

ఎడమచేతి మనిషి లేచాడు. ముసలి పడవాయన అరిచాడు. “ముట్టకురా! వద్దు!”

“ఊకో తాతా. ఆడు పాటలు పాడ్తాంటె మనం నోట్లె మన్ను గొట్టుకోవాల్నా?”

ఆ మనిషి బావ గెడను గుంజి బురదలో పారేశాడు. నేను పక్కనే ఉన్నాను. ఒక్క మాట అడ్డం చెప్పలేదు.

పడవ సగం నిండేసరికి చర్చి నుంచి బావా అక్కా వచ్చారు. బావది కొత్త తెల్లచొక్కా. అక్క చేతిలో ఏటేటా పడవవాళ్ళకు పెట్టే గారెల గిన్నె.

“నా గెడ గుంజిందెవడు?”

“నేనే. ఏం జేస్తవ్?”

“అన్నా, ఇన్నేండ్ల సంది దసరాకు నీ గెడ ఎన్కనే కూసున్న గదనే.”

“దసరాకు ఎవడొచ్చిండ్రా? నక్కలను దాటిచ్చినవా?”

పడవలోని వాళ్ళు పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే బావ బురదలోంచి గెడ లేపాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోదానికి ఆయన ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. పచ్చి వెదురు చీలిన చప్పుడైంది. గెడ విరిగిందనుకున్నాను. విరిగింది చెయ్యి. మూడో దెబ్బకు చెవి తెగి వేలాడింది. ఆయన మోకాళ్ళ మీద పడి, కుడిచేతికి అందిన రాయితో బావ మూతి మీద గుద్దాడు. రెండు పళ్ళు తెల్లచొక్కా మీద పడ్డాయి. పడవలోంచి ఎవరో ఫోటో తీశారు. అక్క మధ్యలోకి ఉరికితే ఆమెకూ ఒకటి తగిలింది.

గాయపడ్డ మనిషిని నర్సంపేట దవాఖానకు జీపులోనే తీసుకుపోయారు. నల్లద్దాలాయన డ్రైవరుతో, “సీటు మీద గోనెసంచి వెయ్యి,” అన్నాడు.

మూడో రోజు పడవవాళ్ళు రేవులో పంచాయితీకి కూర్చున్నారు. బావ గెడ విరగ్గొట్టాల్సిందే. దీవి మీద సేద్యం లేదు, బావకు ఇంకో పని రాదు. అక్క ఒడ్డున కూర్చుని వింటోంది. కట్టుకట్టిన చేత్తో ఎడమచేతి మనిషి వచ్చి, బావ వైపు చూడకుండానే అన్నాడు. “ముందు ముట్టింది నేను. ఆనిది ఇరగ్గొడ్తె నాది గూడ ఇరగ్గొట్టుండ్రి.”

“ఇద్దర్ని ఎల్లగొడ్తె ఇగ రేవుల ఉండేది నేను, ఈ దగ్గులోడు. మా ఇద్దరితోని అయితదా?” అన్నాడు ముసలాయన, నాలుగో పడవవాణ్ణి చూపిస్తూ. చాలాసేపు గొణుక్కున్నాడు. తర్వాత లేచి, నాటివున్న గెడలన్నీ ఒక్కొక్కటే పెరికి నేల మీద పడేశాడు. “ఇగ వరుస లేదు, ఇరగ్గొట్టుడూ లేదు. ఎవనికి దొరికినోళ్ళను వాడు ఎక్కిచ్చుకోండ్రి.”

“బతికిచ్చిండ్రు,” అని అక్క ఏడ్చింది. బావ నెత్తురు ఉమ్మేసి పడవలో కూర్చున్నాడు.

మరుసటి క్రిస్మస్‌కు చర్చికి అక్కా నేనే పోయాం. “నేను కదిల్తె ఆడు బేరం గుంజుకపోతడు బామ్మర్దీ, మీరు పోండ్రి,” అన్నాడు బావ. మేము తిరిగి వచ్చేసరికి ఒడ్డునే ఉన్నాడు. పదడుగుల దూరంలో, వంకరగా అతికిన చేత్తో ఆయన. అడవి దారిలో జీపు చప్పుడైంది. ఇద్దరూ ఒకేసారి ఉరికారు.

“అటు చూడకురా తమ్మీ,” అంది అక్క.

చూశాను. ఈసారి దెబ్బ ఆయనది, మంచి చేత్తో, బావ వీపు మీద. బావ తిరిగి కొట్టలేదు. వంగిపోయి కూడా ఆగకుండా పోయి జీపు తలుపు పట్టుకున్నాడు.