ఎన్ని వేళ్ళు, జైరాం?

వెంకటనారాయణ గారు వీడియో కాల్ చేస్తే హలో అనరు. వేళ్ళు చూపిస్తారు. చూపించి, "ఎన్ని?" అంటారు.

ఒకసారి రెండుసార్లు అయితే నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి. నాలుగేళ్ళుగా ఇదే వరస. ముందు మూడు వేళ్ళు, రెప్పపాటులో ఒకటి, వెంటనే ఐదు, మళ్ళీ రెండు. చూసింది చూసినట్టు వరసగా అప్పజెప్పాలి. నేను ప్రైమరీ స్కూల్ హెడ్మాస్టర్ని. ఒకటో తరగతి పిల్లలకు వేళ్ళ మీద లెక్క నేర్పేవాణ్ణి. అలాంటి నన్ను పట్టుకుని రోజుకు రెండుసార్లు వేళ్ళు లెక్కపెట్టమంటే ఒళ్ళు మండదా?

"మూడు, ఐదు, రెండు" అంటాను విసుగ్గా.

"మూడు తర్వాత ఒకటి చూపించానే. రాలేదా?"

"రాలే సారూ."

"మింగేసింది. ఒక వేలు మింగేసింది దొంగ యాప్" అని టక్కున పెట్టేస్తారు. తిన్నావా, పిల్లలు బాగున్నారా అన్న మాట ఉండదు. పనిమనిషితో మాట్లాడినట్టు మాట్లాడి పెట్టేయడమే.

ఆయనది పెనుబల్లి దగ్గర రైతు కుటుంబం. తాతల కాలంలో కృష్ణా వైపు నుంచి వచ్చారు. ఈయన పొలం వదిలి టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేరి, మా ములకలపల్లి అడవుల్లో ముప్పై మూడేళ్ళు స్తంభాలు ఎక్కి దిగారు. రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయారు. ఫోన్లో కొత్త యాప్ వచ్చిందన్నా, పాత యాప్‌లో కొత్త సౌకర్యం వచ్చిందన్నా ఈ మండలంలో ముందు తెలిసేది ఆయనకే. తెలిసిన గంటలో మాకు వేళ్ళు. ఫలితాలు రాయడానికి ఒక ఫాల్ట్ రిజిస్టరు కూడా ఉంది. తేదీ, యాప్ పేరు, స్థలం, మింగిన వేళ్ళు.

"రిటైరై ఆరేండ్లయింది. ఇంకెందుకు సారూ మీకీ పని?" అని ఎన్నిసార్లు అడిగానో.

"ఒక కంప్లైంట్ పెండింగ్‌లో ఉందయ్యా" అంటారు. ఎవరి కంప్లైంటో చెప్పరు.

నేనొక్కణ్ణే బాధితుణ్ణి కాదు. బస్టాండు దగ్గర జంపయ్య హోటల్ ఉంది. ఒకరోజు ఈయన నీళ్ళ ట్యాంకు ఎక్కి, అక్కడి నుంచి జంపయ్యకు కాల్ చేసి చెయ్యి చూపించమన్నారు. జంపయ్య మిర్చి బజ్జీలు వేస్తున్నాడు. శనగపిండిలో ముంచిన చెయ్యి అట్లాగే పైకెత్తాడు.

"నాలుగే కనపడుతున్నాయి" అన్నారు ఈయన.

"ఐదున్నయ్ సారూ. రెండు అంటుకున్నయ్."

"కడిగి చూపించు."

"బజ్జీలు మాడిపోతయ్."

"మాడితే మాడనీ. టెస్టు మధ్యలో ఆపకూడదు."

బజ్జీలు నిజంగానే మాడాయి. అయినా జంపయ్య చెయ్యి కడిగి చూపించాడు. అంత గట్టిగా చెప్పి చేయించగల గొంతు ఆయనది.

మా బడికి ఎం.ఇ.ఓ. గారు తనిఖీకి వచ్చిన రోజు సంగతి చెబితే మీకూ కోపం వస్తుంది. ఆయన హాజరు పట్టీ తిరగేస్తున్నారు. నా ఫోన్ మోగింది. కట్ చేశాను. మళ్ళీ మోగింది. ఐదోసారికి ఎం.ఇ.ఓ. గారే "తీయండి, ఏం అర్జంటో" అన్నారు. తీశాను. తెర నిండా వేళ్ళు.

"రెండు. నాలుగు. ఒకటి" అన్నాను తల దించుకుని.

"ఎవరండీ?" అన్నారు ఎం.ఇ.ఓ.

"ఎవరో పిచ్చాయన సార్."

ఆయన నన్ను చూసిన చూపు చూస్తే, పిచ్చి ఎవరిదని ఆయన అనుకున్నారో తెలిసిపోయింది.

కొత్తగా వచ్చేవాటి మీద వెంకటనారాయణ గారి అభిప్రాయాలు ఇంకా విడ్డూరం. చుట్టూ రొద ఉన్నా మాట ఒక్కటే శుభ్రంగా వినిపించే సౌకర్యం వచ్చిందని మేమంతా సంతోషించాం. ఆయన పెదవి విరిచారు. "గొంతు ఎవడిక్కావాలయ్యా? బొమ్మ ఆగకుండా వస్తుందా లేదా, అది చెప్పు." మనిషి వెనకున్న గోడా, బట్టలారేసిన తాడూ కనపడకుండా మసక చేసే సౌకర్యం వచ్చింది. ఆయన బొటనవేలిని కూడా గోడ కింద జమకట్టి మసక చేసిందట. వెంటనే కస్టమర్ కేర్‌కు ఫోన్ కొట్టారు.

"అమ్మా, మీ యాప్‌లో నా బొటనవేలు కనపడటం లేదు."

"సారీ సార్. వేలికి ఏమైంది సార్?"

"నా వేలు బాగానే ఉంది. మీ యాప్‌కే బాగాలేదు."

ఆ అమ్మాయి డాక్టరుకు చూపించుకోమందట. ఇక చెయ్యెత్తితే తెర మీద రంగు రంగుల బుడగలు ఎగిరే సౌకర్యం వచ్చిననాడు ఆయన కోపం చూడాలి. "మనిషి చెయ్యెత్తితే ఏదో చెప్పబోతున్నాడని కదా అర్థం? బుడగలు ఎగరేస్తాడా వాడు? ఇదేమన్నా పుట్టినరోజా?" అని బస్టాండులో పావుగంట అరిచారు. బుడగల మీద ఇంత కోపం ఉన్న మనిషిని నేనింతవరకు చూడలేదు.

విసిగిపోయి ఆయన నంబరు బ్లాక్ చేశాను. మూడో రోజు మా ఆవిడ ఫోన్‌కు వచ్చాయి వేళ్ళు. ఆవిడ పప్పు తిరగమోత పెడుతూనే అన్నీ సరిగ్గా చెప్పింది. "మీ ఆవిడ చూపు భేష్. చత్వారం నీకే వచ్చింది జైరాం" అని నాకు వినపడేలా అన్నారు. ఆ పూట పప్పు నాకు రుచించలేదు.

ఇన్నీ ఓర్చుకున్నాను. మా ఉషారాణి పెళ్ళి మాటల్లో చేసింది మాత్రం ఓర్చుకోలేకపోయాను.

ఉషారాణి మా ముత్తక్క కూతురు. ముత్తక్క నా తోడబుట్టింది. పుట్టుకతోనే ఆమెకు వినపడదు, మాట రాదు. వాగు అవతల గూడెంలో ఉంటుంది. భర్త పోయాక బీడీలకు తునికాకు కోసి, కట్టలు కట్టి పిల్లను చదివించింది. ఉష ఇప్పుడు ఖమ్మంలో ఒక దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్. సారపాక మిల్లులో పనిచేసే రాజేష్, తనూ ఇష్టపడ్డారు. మేనమామను కాబట్టి పెద్దరికం నాది. ఆదివారం పదింటికి అందరం గూడెంలో కూర్చుని మాట్లాడుకోవాలని అనుకున్నాం. శనివారం వాన దంచికొట్టింది. వాగు పొంగి దారి తెగింది.

"మంచిరోజు దాటితే మళ్ల నెలదాక లేదు. ఫోన్లనే మాట్లాడుకుందం" అన్నాడు పిల్లవాడి తండ్రి బలరాం. సరేనన్నాను. సారపాకలో వాళ్ళు, ఖమ్మంలో ఉష, ములకలపల్లిలో నేను. ముత్తక్కను కలపాలని నాకు తట్టనే లేదు. వినపడని మనిషికి ఫోనెందుకు, తర్వాత చెబుదాంలే అనుకున్నాను.

కాల్ మొదలైంది. మూడు బొమ్మలు ఉండాల్సిన చోట నాలుగోది ప్రత్యక్షమైంది. అగ్గిపెట్టెంత బొమ్మలో మా ముత్తక్క. ఆమె పక్కన సగం బట్టతల. ఆ బట్టతల ఎవరిదో నేను నిద్రలో అడిగినా చెప్పగలను. వాగు పొంగకముందే గూడెం చేరి కూర్చున్నారు మహానుభావుడు వెంకటనారాయణ గారు. ఉషే ఆ ఫోన్‌ను కలిపిందట.

ఊరుకుని మాటల్లో పడ్డాను. బలరాం అసలు సంగతికి వచ్చాడు. "మాకు ఇల్లుంది, జీతముంది. పిల్ల ఖమ్మంల నౌకరి ఇడిసిపెట్టాలె. కోడలు ఇంట్ల ఉంటెనే ఇల్లు."

"దాందేముంది బావా. మానేస్తది" అన్నాను పెద్దరికంగా.

ఉష మొహం వాడిపోయింది. నాలుగో బొమ్మలో ముత్తక్క చేతులు ఏదో ఆడాయి. అంత చిన్న బొమ్మలో ఎవరికి కనపడుతుంది? నేను చూడలేదు.

ఠంగుమని మోగింది. మళ్ళీ ఠంగు. బట్టతల ఆయన స్టీలు పళ్ళెం పట్టుకుని గరిటెతో కొడుతున్నారు.

"గూడెంల పెండ్లి అప్పుడే షురువైందా?" అన్నాడు బలరాం.

నాకు తల కొట్టేసినట్టయింది. "ఏంది సారూ గిది? పెద్దమనుషులు మాట్లాడుతుంటే పళ్ళెం గొట్టుడేంది?" అని అరిచాను. ఇంతలో చప్పుడు ఆగింది. గరిటె ఆడుతూనే ఉంది, మోత మాత్రం రావడం లేదు. రొదను తీసేసే సౌకర్యం పళ్ళెం మోతను కూడా తీసేసింది. ఆ యాప్ చేసినవాడికి జీవితంలో మొదటిసారి మనసులో దండం పెట్టాను.

దండం పూర్తి కాలేదు. "హలో హలో, ములకలపల్లి ఎక్స్ఛేంజ్. టెస్టింగ్. ఒకటి, రెండు, మూడు, నాలుగు..." అని స్తంభం మీద నుంచి అరిచినట్టు గొంతెత్తారు. ఒక్కసారిగా ముత్తక్క బొమ్మ పెరిగి నా తెరంతా నిండింది. అంత పెద్దగా మా అక్క మొహాన్ని నేను చూసి ఎన్నేళ్ళయిందో.

బలరాం అదిరిపడ్డాడు. "ఆమెకు మాట రాదన్నరు గద? మొగ గొంతేంది?"

"మామా, జర నువ్వు ఊకో" అంది ఉష. "అమ్మ మాట్లాడుతంది."

ఊరుకున్నాను. ఎవరం నోరెత్తలేదు. ఒకపక్క "పదిహేడు, పద్దెనిమిది" అని లెక్క సాగుతోంది. తెర మీద ముత్తక్క చేతులు. ఆకు తుంచింది. ఆకు మీద ఆకు పెట్టింది. దొంతర తిప్పి నార చుట్టి ముడి బిగించింది. అట్లాంటి కట్టలు కొండంత పేర్చింది. తర్వాత సూదితో రక్తం తీసి, సన్నటి గాజు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. అది ఉష పని. ఆ గొట్టాన్ని గుండెకు హత్తుకుని, వద్దు వద్దని తల ఊపింది.

"అమ్మ ఏమంటుందంటే..." అని ఉష మొదలుపెట్టింది.

"నువ్ చెప్పకు బిడ్డా" అంది రాజేష్ తల్లి మంగమ్మ. అప్పటిదాకా ఆమె నోరు విప్పలేదు. "పద్దెనిమిది ఎండకాలాలు నేనూ ఆకు కట్టలు గట్టిన. ఆ చేయి తిప్పుడు నాకెరుకే. ఆకు గట్టి సదివించింది ఇంట్ల కూసోబెట్టనీకి గాదు అంటుంది." మొగుడి వైపు తిరిగింది. "మన పక్కన భద్రాచలంల దవాఖానాలు లేవా? దొరికినంక ఆడ చేస్తది. అందాక ఖమ్మంలనే చేస్తది."

బలరాం మీసం సవరించుకున్నాడు, భార్యను చూశాడు, ముత్తక్కను చూశాడు. "సరే మరి" అన్నాడు.

"నూట పన్నెండు, నూట పదమూడు..."

"తాతా, అయిపోయింది" అంది ఉష. ఏడుస్తూ నవ్వుతోంది.

"ఆపనా?"

"ఆపు తాతా."

మంగళవారం వాగు తగ్గింది. బండి వేసుకుని గూడెం పోయాను. పెళ్ళి కుదిరితే మాత్రం, పళ్ళెం కొట్టినందుకు నాలుగు అడిగి తీరాలని బయల్దేరాను. వెంకటనారాయణ గారు మా అక్క ఇంటి అరుగు మీద అంబలి తాగుతున్నారు.

"ఏంది సారూ ఆ పళ్ళెం?"

"నలుగురు కలిసి మాట్లాడితే, ఆ యాప్ గొంతు వినపడ్డవాణ్ణే పెద్దగా చూపిస్తుందయ్యా. మిగతావాళ్ళు అగ్గిపెట్టెలే. మీ అక్కకు గొంతేది? అందుకని నేను అరువిచ్చాను."

"మరి నాలుగేండ్ల సంది వేళ్ళు?"

"ఆవిడ మాట వేళ్ళలోనే కదా ఉంది. ఒక వేలు మింగితే ఒక మాట పోయినట్టే. ఈ గూడెం సిగ్నల్‌కు ఏ యాప్ వేళ్ళు మింగకుండా చూపిస్తుందా అని వెతుకుతున్నాను. దొరికాక ఫోన్ తెచ్చి ఇచ్చాను. నెల రోజులుగా తల్లీకూతుళ్ళు రోజూ మాట్లాడుకుంటున్నారు."

నాకు కోపం పోలేదు, ఇంకా పెరిగింది. ఈసారి ఎవరి మీదో చెప్పడానికి సిగ్గుగా ఉంది. నా సొంత అక్క కదా, నాకే తట్టలేదు. "నాకొక్క మాట చెప్పొచ్చు గదా?" అన్నాను.

"చెబితే పాపం అంటావు. పాపం అనుకున్నవాడు వేళ్ళు సరిగ్గా చెప్పడు. నా మొహమాటానికి అన్నీ కనపడ్డాయంటాడు. టెస్టు పాడైపోతుంది."

రిజిస్టరు మొదటి పేజీ తీసి చూపించారు. గూడెం మొత్తానికి ఒకే ఫోన్ అని మా నాన్న ఇంట్లో ఈయన వచ్చి పెట్టిన రోజు తేదీ ఉంది. ఆ రోజు నాకూ గుర్తే. అందరం వరసకట్టి రిసీవర్ చెవిలో పెట్టుకుని నవ్వాం. ముత్తక్క కూడా తీసుకుంది. చెవికి ఆనించి, చాలాసేపు అట్లాగే నిలబడి, తిరిగి ఆయన చేతికే ఇచ్చేసింది. పేజీలో ఇలా ఉంది: "లైను బాగున్నది. ఇంటివారిలో ఒకరికి పనిచేయుట లేదు. పెండింగ్."

"పాత రిజిస్టర్లన్నీ ఆఫీసుకు అప్పజెప్పాను. ఇదొక్కటి ఇందులోకి ఎక్కించుకున్నాను" అన్నారు. పెన్ను తీసి ముత్తక్క ముందు పెట్టారు. కంప్లైంట్ తీరినట్టు ఆమె సంతకం చెయ్యాలట.

ముత్తక్క పెన్ను పక్కకు నెట్టింది. ఒక వేలెత్తి, దాన్ని గాలిలో బిగుసుకుపోయినట్టు ఆపి చూపించింది. మధ్యలో ఒకసారి బొమ్మ ఆగిందని.

"ఆగిందా? ఎక్కడ ఆగింది? దొంగ యాప్" అని ఆయన మొహం ఎర్రబడింది. అంత సంతోషంగా కోప్పడిన మనిషిని నేను చూడలేదు. పెండింగ్ అన్న మాట కింద ఇంకో గీత గీశారు.

తర్వాతి వారం ఎం.ఇ.ఓ. గారు మళ్ళీ తనిఖీకి వచ్చారు. ఫోన్ మోగింది. వీడియో కాల్. పుట్టి బుద్ధెరిగాక మా అక్క నాకు చేసిన మొదటి ఫోన్. తీయగానే వేళ్ళు. మూడు, ఐదు, రెండు. ఫోన్‌ను హాజరు పట్టీకి ఆనించి నిలబెట్టి, చెయ్యెత్తి, చూసినవన్నీ తిరిగి చూపించాను.

"మళ్ళీ ఆయనేనా?" అన్నారు ఎం.ఇ.ఓ.

"కాదు సార్. మా అక్క. మాట్లాడుతోంది."

అక్క తల అడ్డంగా ఊపి మళ్ళీ మొదటి నుంచి చూపించింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని తెర వైపు వంగారు.

"మూడు తర్వాత ఒకటి చూపించారండీ. మీరు వదిలేశారు."