దొర రాసుకున్న మూడు మాటలు

నా చిన్నప్పుడు మా అరకు కొండల మీదికి రోడ్డు వేశారు. వేసింది తెల్లదొరలు కాదు, మా వాళ్ల చేత వెట్టికి వేయించారు. ఇంటికో మనిషి రాళ్లు మోయాలి. మగవాడు జ్వరంతో పడుంటే ఆడది వెళ్లాలి. అలా మా పక్కింటి అక్క ఎనిమిదో నెల కడుపుతో తట్ట నెత్తిన పెట్టుకుని ఎత్తు ఎక్కింది. కాసేపు కూర్చుంటానంటే రోడ్డు మేస్త్రీ కర్రతో అదిలించాడు. మూడో రోజు పొద్దున్నే ఆమెకు నొప్పులొచ్చాయి. మంత్రసాని మా అమ్మమ్మే. మగబిడ్డ, ఊపిరి లేకుండా పుట్టాడు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఊళ్లో క్రైస్తవ మిషన్ వాళ్ల బడి ఒకటి ఉండేది. మైదానం నుంచి వచ్చిన టీచరమ్మ ఒక్కతే దాన్ని నడిపేది. నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే.

వారం తిరక్కుండా ఒక దొర రోడ్డు చూడడానికి వచ్చి, ఊరి బయట డేరా వేయించాడు. మగవాళ్లెవరూ నోరెత్తలేదు. మా అమ్మమ్మే ఐదారుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని, ఇంగ్లీషు వచ్చు కాబట్టి టీచరమ్మను తోడు తీసుకుని వెళ్లింది. ఆమె చెంగు పట్టుకుని నేనూ వెళ్లాను. అమ్మమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. టీచరమ్మ దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. దొర నోట్లో చుట్ట తియ్యకుండానే విన్నాడు. చివర్లో చిన్నగా నవ్వి, కాగితం మీద ఏదో గీకుతూ అదే పైకి చదివి, ఇక వెళ్లమన్నట్టు చెయ్యి ఊపాడు. టీచరమ్మ ముఖం ఎర్రబడింది.

దారిలో అమ్మమ్మ ఆగిపోయింది. "ఏటన్నాడు ఆ దొర? దాసకుండా సెప్పమ్మా."

"వద్దులే అమ్మా, వింటే బాధపడతావు" అంది టీచరమ్మ.

"బిడ్డే పోనాడు. ఇంకేటి బాధ?"

టీచరమ్మ మమ్మల్ని బడికి తీసుకెళ్లి, లావుపాటి నిఘంటువు తీసి బల్ల మీద పెట్టింది. దొర మా మాటలకు పెట్టిన పేర్లు మూడట: చాటర్, బ్యాబుల్, గాసిప్. మూడింటినీ పనీపాటా లేని కబుర్లకే వాడతారట. మొదటిది పిట్టల కిచకిచ నుంచి వచ్చింది. రెండోది మాటలు రాని పసిబిడ్డ చేసే చప్పుడు నుంచి పుట్టింది.

ఆ మాట వినగానే అమ్మమ్మ అరచేత్తో బల్ల మీద చరిచింది. "పసిబిడ్డ సప్పుడా? ఆ బిడ్డ కేరుమనైనా అననేదు! నా సేతుల్తో ఊపినాను, నోట్లోకి ఊదినాను, అననేదు!" అని అరిచింది. అమ్మమ్మ అరవడం నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. నాకూ ఒళ్లంతా మండింది.

మూడో మాట దగ్గర టీచరమ్మ కాస్త తడబడింది. గాసిప్ అనేది పాతకాలంలో ఒక చుట్టరికం పేరట. బిడ్డకు బాప్తిస్మం ఇచ్చేటప్పుడు దేవుడి ఎదుట ఆ బిడ్డకు పూచీగా నిలబడే మనిషిని అలా పిలిచేవారు. ఆ తర్వాత పురిటి గదిలో తల్లికి సాయంగా చేరే ఆడవాళ్లకూ అదే పేరు వచ్చింది. పోనుపోను వాళ్ల మాటలకే ఆ పేరు అంటుకుని, చివరికి పోచికోలు కబుర్లన్న అర్థం మిగిలింది.

అమ్మమ్మ చెంగు నడుముకు దోపుకుంది. "అలగైతే ఆడు నిజమే రాసినాడు. పురిటికాడ ఉన్నది నానే కదా. మరెందుకు నవ్వినాడు? పద, అడుగుదాం" అంది.

టీచరమ్మ భయపడింది. ఆవిడ కొలువు మిషన్ వాళ్ల చేతిలో ఉంది, వాళ్లు దొర మాట కాదనరు. అయినా పుస్తకం మూసింది. తర్వాత దాన్ని చంకలో పెట్టుకుని అందరికంటే ముందు నడిచింది.

డేరా దగ్గర ఆవిడ మాట్లాడిన దాంట్లో నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. నిఘంటువు తెరిచి ఆ మూడో మాట మీద వేలు పెట్టి చూపించింది. మధ్యలో అమ్మమ్మ దొర ముఖం మీదికి రెండు చేతులూ చాపింది. "ఈ సేతుల్తో పట్టుకున్నాను. పిట్టకూతలని రాసినావు కదా, ఆ రాత బేగి కొట్టీ!" దొర ముఖం మాడ్చుకున్నాడు. తప్పయిందని అనలేదు. అయితే రాసినదాన్ని అందరి ఎదుటా కొట్టేసి, అమ్మమ్మ చేత మొదటి నుంచి మళ్లీ చెప్పించుకుని రాసుకున్నాడు.

మేస్త్రీకి శిక్షేమీ పడలేదు. ఇంకో కొండ మీదికి మార్చారు, అంతే. కడుపుతో ఉన్న వాళ్లను మాత్రం మా ఊరి నుంచి మళ్లీ రాళ్లకు పిలవలేదు. నెల తిరిగేలోగా టీచరమ్మను మైదానానికి పంపేశారు. పక్కింటి అక్క అప్పటికింకా సరిగా నడవలేకపోతున్నా, ఆవిడ చెయ్యి పట్టుకుని వాగు దాకా సాగనంపింది.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. ఆ కోపం ఇంకా చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు. నలుగురు ఆడవాళ్లు ఒకచోట చేరి గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే, దారిన పోయేవాళ్లు నవ్వుకుంటూ పోతారు. నేను మాత్రం వెళ్లి వాళ్ల మధ్య కూర్చుని, ఎవరికి ఏమైందని అడుగుతాను.