గోడకి గుమ్మం

కౌలాలంపూర్ వెళ్లే రైల్లో ఎదుటి సీటు పెద్దాయన నాకు తన విజిటింగ్ కార్డు ఇచ్చాడు. పశ్చిమ సహారా ప్రజల తరఫున దౌత్యవేత్తట. కార్డు మీద మూడు దేశాల్లోని ఆఫీసుల చిరునామాలున్నాయి. వాటిలో రెండు పెన్నుతో కొట్టేసి ఉన్నాయి.

"ఆ దేశాలవాళ్లు మమ్మల్ని దేశంగా గుర్తించడం మానేశారు," అన్నాడు ఇంగ్లీషులో.

"ఏటంతన్నాడే?" అంది పక్కనున్న మా అమ్మ. ఇక్కడే మలేసియాలో, సుంగై సిపుట్ రబ్బరు తోటలో పుట్టి పెరిగిన మనిషి. ఆయన చిన్నప్పుడే యుద్ధంలో ఊరు వదిలాడని, ఇప్పుడు ఆ ఊరికి అడ్డంగా, ఆక్రమించుకున్న సైన్యం కట్టిన ఇసుక గోడ ఉందని ఆయన చెప్పిందే అమ్మకి చెప్పాను.

"గోడకి గుమ్మం ఉండదేటి? అడగవే."

సిగ్గుపడుతూనే అడిగాను. ఆయన నవ్వలేదు.

"ముప్పై ఏళ్లుగా వెళ్లిన ప్రతిచోటా నేను అడుగుతున్నదీ అదే."

"ఏటన్నాడు?"

"ఉందంటమ్మా."

అమ్మ ముఖం తేటపడింది. సంచిలోంచి మురుకుల పొట్లం తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఊరెల్లినప్పుడు మీ వోల్లకియ్యి బాబూ."

ఆయన రెండు చేతులా అందుకుని, ఏమందని నన్నడిగాడు.

"దారిలో తినమంది," అన్నాను.