తుండుగుడ్డ కింద పది వేళ్లు

మొదటి యుద్ధం ముగిసిన మరుసటి వేసవిలో నన్ను వేలూరు కచేరీ నుంచి గుడియాత్తానికి డెప్యుటేషన్ మీద పంపారు. నేను టైపిస్టుగా కుదిరి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. ఉత్తర్వులో ఉన్న పని ఒక్కటే. అక్కడి నకళ్ల విభాగానికి కొత్తగా టైపు మిషను మంజూరైంది. వానలు పడేలోగా అక్కడి గుమాస్తాలకు దాన్ని నేర్పి, పరీక్ష పెట్టించి, తిరిగి రావాలి. అది ఏ కచేరీ అన్నది ఇప్పుడు అవసరం లేదు.

నకళ్ల విభాగం అంటే ఏమిటో ఈనాటి వాళ్లకు చెప్పాలి. తీర్పు వెలువడ్డాక దాని ప్రతి కావాలని కక్షిదారు దరఖాస్తు పెట్టుకుంటాడు. గుమాస్తా అసలు కాగితాన్ని ముందు పెట్టుకుని మక్కికి మక్కి దించి ఇస్తాడు. కొట్టివేత ఉంటే దాని పక్కన పొడి సంతకం పెట్టాలి. కొట్టివేతలు మరీ ఎక్కువైతే ఆ కాగితం చెల్లదు, మళ్లీ రాయాలి. అసలులో తప్పుంటే నకలులోనూ ఆ తప్పు అట్లాగే ఉండాలి. దిద్దే అధికారం గుమాస్తాకు లేదు. ఈ నియమం అందరికీ నోటికి వచ్చు, ఆచరణలో ఎంతమందికి వచ్చునో నాకు ఆ వేసవిలోనే తెలిసింది.

మిషను ఒకటి. అది వచ్చాక ఆ విభాగంలో ఒక్క గుమాస్తానే ఉంచుతామని శిరస్తదారు, అంటే గుమాస్తాలందరి మీదా పెద్ద, ముందే చెప్పేశాడు. దానికి పోటీ పడ్డవాళ్లు ఇద్దరు. దేవసహాయం నాట్రంపల్లి వాడు, ఇరవై దాటిన కుర్రాడు, స్కూలు ఫైనలు ప్యాసయ్యాడు. చర్చిలో హార్మోనియం వాయించేవాడు కాబట్టి వేళ్లు అప్పటికే చెప్పిన మాట వింటాయి. రెండోవాడు మునిరత్నం. నలభై అయిదేళ్ల మనిషి, గుడియాత్తం నేతపనివారి ఇంట పుట్టి, మగ్గం వదిలి కలం పట్టాడు. ఆయన ఇంగ్లీషు అక్షరం ముత్యాలు పేర్చినట్టు ఉండేది. నాకంటే ఎంతో పెద్దవాడు. తరగతిలో నన్ను "అయ్యవారూ" అనీ, బయటికి రాగానే "నాయనా" అనీ పిలిచేవాడు. ఆ తేడా ఒక్కనాడూ మరిచిపోలేదు.

ఆయనకు ఆ ఊళ్లో ఒక గౌరవం ఉండేది. తీర్పులు ఇంగ్లీషులో ఉంటాయి. అక్కడి మనవాళ్లలో చాలామంది తెలుగు గడగడా మాట్లాడతారే గాని తెలుగు లిపే చదవలేరు, ఇంక ఇంగ్లీషు మాట ఎందుకు? సాయంకాలం కచేరీ మూసే వేళకు వరండాలో పదిమంది చేరేవారు. తమ కాగితంలో ఏముందో మునిరత్నాన్ని అడిగేవారు. ఎవరి పొలం ఎవరికి పోయింది, బావిలో ఎవరికి హక్కు, దారి ఎవరిది, అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. నిదానంగా, తెలుగులోనూ అరవంలోనూ కలిపి చెప్పేవాడు. ప్లీడరు చెప్పిన మాట కన్నా ఆయన మాటకు విలువ ఎక్కువని నేను విన్నాను, తరువాత చూశాను కూడా.

పరీక్ష పోతే ఏం చేస్తారని మొదటివారంలోనే అడిగాను.

"మగ్గం ముందర కూర్చునే వయసు పొయ్యింది నాయనా," అన్నాడు. "మా అన్న ఇంట్లో ఆడోళ్ల పక్కన కండెలకు నూలు చుట్టుకుంటా ఉండాల్సిందే. అన్న ఏమీ అనడు. అనకపోవడమే కష్టంగా ఉండాది."

పాఠం మొదలైంది. ఎడమచేతి నాలుగు వేళ్లూ, కుడిచేతి నాలుగు వేళ్లూ మధ్య వరస మీద ఉండాలి, బొటనవేలు మాటల మధ్య ఖాళీ వదిలే జాగా పలకకు. ఏ వేలి అక్షరాలు ఆ వేలివే. పైకి పోయినా కిందికి పోయినా మళ్లీ సొంత ఇంటికి వచ్చి కూర్చోవాలి. కళ్లు మాత్రం అసలు కాగితం మీదే ఉండాలి, అక్షరాల మీదికి దిగకూడదు. దేవసహాయం దీన్ని మూడోనాటికే పట్టేశాడు. మునిరత్నం కలం పట్టినట్టే చూపుడువేళ్లతో పొడిచేవాడు. ఆ పోటుకు పుల్‌స్టాపు పెట్టిన చోటల్లా కాగితానికి చిల్లి పడేది. చిటికెన వేలు ఇన్నేళ్లూ కాగితం మీద ఆనుకుని పడుకున్న వేలాయె, దాన్ని లేపి పని చేయించడం తల ప్రాణం తోకకు వచ్చినట్టయింది. కళ్లు ఎన్నిసార్లు చెప్పినా కిందికే పోయేవి.

చివరికి ఒక తుండుగుడ్డ తెచ్చాను. దాని ఒక కొస మిషను చట్రానికి కట్టి, రెండో కొస ఆయన మెడ చుట్టూ బిగించి, చేతులు దాని కింద పెట్టించాను. దారినపోయే కచేరీ బంట్రోతులు నవ్వారు. క్షవరానికి కూర్చున్నట్టున్నారని దేవసహాయం అన్నాడు. ఆయన మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు, రోజూ వచ్చి తానే మెడకు ముడి వేసుకునేవాడు.

వేగం ముందు కావాలని కొత్తవాళ్లంతా అనుకుంటారు. అది తప్పు. ముందు కావలసింది సమతాళం. తేలిక అక్షరం గబుక్కున, కష్టమైన అక్షరం తడుముకుని కొడితే రెండింటి మధ్యా వేళ్లు తగులుకుంటాయి. అన్నీ ఒకే ఎడంలో పడాలి. తాళం వేయడానికి నా దగ్గర రూళ్లకర్ర తప్ప ఏమీ లేదు. కచేరీ వెనక సందులో మగ్గం ఆడుతుండేది. దాని దెబ్బకు ఒక అక్షరం చొప్పున కొట్టమన్నాను.

"మగ్గం నుంచి తప్పించుకొని వస్తే, మళ్లీ దాని తాళానికే కూర్చోబెట్టినారు గదా అయ్యవారూ," అన్నాడు. అన్నాడే గాని ఆ తాళం ఆయన రక్తంలోనే ఉన్నట్టుంది. పోటు తగ్గింది, చిల్లులు పోయాయి. వేగం దానంతటదే మెల్లగా పైకి వచ్చింది.

అక్కడే చిక్కు వచ్చింది. వేగం పెరిగేకొద్దీ తప్పులు తగ్గాలి గదా, ఆయనకు పెరిగాయి. పరీక్షలో ఒక్కో తప్పుకు కొన్ని మాటలు కోత పడతాయి. ఆయన వేగం బొటాబొటిగా ప్యాసు గీతకు అందుతోంది. ఒక్క తప్పు ఎక్కువైనా గీత కిందికి జారిపోతాడు. నేను వేళ్లు చూశాను, కూర్చునే తీరు చూశాను, కుర్చీ ఎత్తు మార్చాను. ఏమీ లాభం లేకపోయింది.

ఒకనాడు పాత తీర్పొకటి అభ్యాసానికి ఇచ్చాను. అందులో ఒక పొలం హద్దులు ఉత్తరంతో మొదలయ్యాయి. ఆయన కొట్టిన కాగితం చదివితే తూర్పుతో మొదలై, దక్షిణం, పడమర, ఉత్తరం అని ప్రదక్షిణంగా వచ్చింది. అక్షరదోషం ఒక్కటీ లేదు. ఉత్తరాన ఉండాల్సిన కాలువ తూర్పుకు పోయింది, తూర్పున ఉండాల్సిన బాట దక్షిణానికి దిగింది. మొత్తం పొలాన్నే తిప్పి పెట్టాడు.

అప్పుడు అర్థమైంది. లోపం వేళ్లలో లేదు. మన పెద్దలు హద్దులు చెప్పేటప్పుడు తూర్పునే ముందు పెడతారు. ఆయన జీవితమంతా అట్లాగే విన్నాడు, అట్లాగే వరండాలో చెప్పాడు. మొదటి రెండు మాటలు చూడగానే మిగతా వాక్యం ఆయన బుర్రలో తయారు. కలంతో రాసే రోజుల్లో చెయ్యి నిదానం కాబట్టి కన్ను వెనక్కి వచ్చి సరిచూసుకునేది. మిషను మీద చెయ్యి బుర్ర వెంట పరుగెత్తింది, కన్నుకు తీరిక లేకపోయింది. ఇంకా తిరగేస్తే ఆయన తప్పులన్నీ అదే జాతివి. అసలులో ఉన్నది కాక, ఉండాల్సింది కొట్టాడు. ఏ పుస్తకంలోనూ దీనికి వైద్యం చెప్పలేదు.

నేనే ఒకటి కల్పించాను. తీర్పును చివరి మాట నుంచి మొదటి మాటకు వెనక్కి కొట్టమన్నాను. వెనకనుంచి చదివితే ఏ వాక్యానికీ అర్థం ఉండదు, ఊహించడానికి ఏమీ దొరకదు. ఆయనకు అది ఒళ్లు మండే పని. తుండుగుడ్డకు అనని మాట దీనికి అన్నాడు.

"అర్థం లేకుండా ఎట్ల కొట్టేది అయ్యవారూ? ఇది ఒక మనిషి పొలం."

అర్థంతో మీకు పని లేదు, అది జడ్జీదీ ప్లీడరుదీ అన్నాను. నేను అప్పట్లో కొంచెం కటువుగానే మాట్లాడేవాణ్ణి. ఆయన ముడి బిగించుకుని, చివరి మాట నుంచి మొదలుపెట్టాడు. వానలు దగ్గరపడేదాకా అదే పాఠం. తప్పులు ఒక్కటొక్కటే రాలిపోయాయి.

పరీక్షనాడు శిరస్తదారు పాత కట్టలోంచి నెమిలి ఊరి వైపు పొలం తగాదా తీర్పు తీసి ఇద్దరికీ ఇచ్చాడు. నేను గడియారం పట్టుకున్నాను. దేవసహాయం మిషను మీద వాన కురిసినట్టు కొట్టాడు. తరువాత మునిరత్నం కూర్చున్నాడు. తుండుగుడ్డ ఆనాడు లేదు. కళ్లు మాత్రం కిందికి దిగలేదు.

శిరస్తదారు అసలు కాగితాన్ని పక్కన పెట్టుకుని దిద్దలేదు. తీర్పులు చూసి చూసి తలనెరిసిన మనిషి, తప్పు ఎక్కడుందో వాసన పట్టగలనని నమ్మకం. దేవసహాయం కాగితంలో తప్పులు ఎక్కువే దొరికాయి. కోతలు పోగా గీతకు చాలలేదు. మునిరత్నం కాగితం చాలాసేపు శుభ్రంగా సాగింది. అక్కడక్కడా పడ్డ చిన్న తప్పుల కోతతో, ఇంకొక్కటి పడితే గీత కిందికి జారే చోటికి వచ్చాడు. చివర హద్దుల దగ్గర ఎర్రసిరా ఆగింది. పడమర ఒకసారి వచ్చాక మళ్లీ పడమరే ఉంది, తూర్పు లేదు. శిరస్తదారు సున్నా చుట్టి, కోత వేసి, కాగితం పక్కన పెట్టాడు. ఆ ఒక్కదానితో మునిరత్నం తప్పాడు.

మునిరత్నం లేచి నిలబడ్డాడు. "సామీ, నాకు తెలిసింది కొట్టలేదు. ముందర ఉండేదే కొట్టినా. ఒకసారి చూడండి," అన్నాడు.

అసలు తీసి చూశారు. ఎప్పటి గుమాస్తానో తూర్పు రాయాల్సిన చోట రెండోసారి పడమర రాశాడు. దేవసహాయం దాన్ని తూర్పుగా దిద్ది కొట్టాడు, శిరస్తదారుకు అది తప్పుగా కనబడనేలేదు. శిరస్తదారు మునిరత్నం కాగితంలో ఎర్రసున్నా కొట్టేసి, పక్కన పొడి సంతకం పెట్టాడు. దేవసహాయం కాగితంలో ఇంకో సున్నా చుట్టాడు. పోస్టు మునిరత్నానికి దక్కింది. దేవసహాయం మరుసటి ఏడు వేలూరులో వేరేచోట కుదిరాడు, బాగానే పైకి వచ్చాడు.

నేను బయలుదేరిన సాయంకాలం జట్కా దాకా మునిరత్నం వచ్చాడు. పడమర రెండుసార్లు వచ్చిందని కొట్టేటప్పుడు గమనించారా అని అడిగాను.

"లేదు నాయనా. ఆ కాగితంలో ఏముండాదో నాకు తెలీనే తెలీదు. శిరస్తదారు సున్నా చుట్టినాక, నేను చూసిందే కొట్టుంటానని నమ్మినా, అంతే."

కచేరీ వరండాలో అప్పటికి ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒక ముసలాయన ముందుకు వచ్చి, ఈ పొద్దు టైపు కొట్టిన తన తీర్పులో ఏముందని మునిరత్నాన్ని అడిగాడు. మునిరత్నం ఒక క్షణం ఆలోచించాడు. ఆ తీర్పు ఆయన మధ్యాహ్నమే కొట్టాడు.

"నకలు చేతికొచ్చినాక ఎవరితోనన్నా చదివించుకో అప్పా," అన్నాడు. "నాకు తెలీదు."

తరువాతి ఉద్యోగకాలంలో నేను ఎంతోమందికి టైపు నేర్పాను. వేగం వేళ్లది, ఎవరికైనా వస్తుంది. తప్పు లేకుండా కొట్టాలంటే కొట్టేదాన్ని తెలుసుకోవడం మానుకోవాలి. తెలిసినవాడికి ఆ మానుకోవడమే కష్టం, మానుకున్నాక మళ్లీ తెలుసుకోవడం వైపు తిరిగి రావడం ఇంకా కష్టం. మొదటి సంగతి ప్రతి విద్యార్థికీ మొదటిరోజే చెప్పేవాణ్ణి. రెండోది అడిగితే చెబుదామనుకునేవాణ్ణి. ఎవరూ అడగలేదు.