వంతెన ఇవతల మిగిలిన ఐదుగురు

నా అల్లుడికి నలభై రెండేళ్ళు. నస్రుల్లాబాద్‌లో కుర్చీ, బల్ల, ఫ్యాను ఉన్న సర్కారు నౌకరీ. తన చొక్కా తాను ఇస్త్రీ చేసుకోగా నేను ఏనాడూ చూడలేదు. అటువంటి మనిషి ఆదివారం పొద్దున్నే లేచి, బెత్తెడు పొడుగున్న ప్లాస్టిక్ సిపాయి చొక్కాకు గుండీలు దిద్దుతాడు. వెంట్రుకంత కుంచె పట్టుకొని, ఊపిరి బిగబట్టి, ఒక్కో గుండీకి ఒక్కో చుక్క పసుపు రంగు. ఆ సమయంలో పెండ్లాం పిలిచినా పలకడు. చెయ్యి వణికితే గుండీ చెదిరిపోతుందట.

నేను కోటగిరి పక్క పల్లెల్లో ముప్పై ఏళ్ళు నాట్లు వేశాను. అందులో సగం కాలం ఇరవై మంది ఆడవాళ్ళ గుంపును నేనే నడిపాను. మోకాళ్ళు పోయాక బాన్సువాడలో బిడ్డ ఇంటికి వచ్చాను. ముందు గదిలో కిటికీ కింద నా మంచం వేశారు. దవాఖాన మందులు చేయని మేలు ఆ కిటికీ చేసింది. నాట్ల కాలంలో తెల్లవారుతుండగా కూలీల ఆటోలు కిటికీ ముందరి రోడ్డు మీదనే పోతాయి. వాటిలో పోయేవాళ్ళు సగం మంది నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు.

"అవ్వా, లేసినవా?"

"లేవకుంటే నీకు జవాబెవరిస్తున్నరే?"

ఆటో ఆగదు. మాట అంతే. కానీ ఆ ఒక్క మాట పడితేనే నాకు తెల్లవారినట్టు.

ఆ గదిలోనే రెండో పక్క, రెండు స్టూళ్ళ మీద పాత తలుపు చెక్క వేసి అల్లుడు తన యుద్ధం పెట్టుకున్నాడు. ఆదివారం నా బిడ్డ పిల్లలను తీసుకొని చర్చికి పోతుంది. నా అల్లుడు యుద్ధానికి పోతాడు. ఎక్కడికో కాదు, నా మంచానికి నాలుగు అడుగుల దూరానికి. హైస్కూలు డ్రాయింగు సారు ఒకడు, మందుల షాపాయన ఒకడు వస్తారు. ఎర్రచొక్కాల సిపాయిలు ఒకవైపు, నీలం చొక్కాలవాళ్ళు ఇంకోవైపు. పాచికలు వేస్తారు, ఎన్ని పడితే అన్ని అంగుళాలు టైలరు టేపుతో కొలిచి సిపాయిలను జరుపుతారు. ఎదురుపడితే మళ్ళీ పాచికలు వేసి కొందరిని పడుకోబెడతారు. ఒకసారి పావు అంగుళం కాడ తకరారు పడి సారూ షాపాయనా వారం రోజులు మాట్లాడుకోలేదు. మందుల కోసం సారు వేరే షాపుకు పోయాడు. ఇద్దరికీ మీసాలు నెరిశాయి.

చెక్క మీద పచ్చటి గుడ్డ పరిచి ఉంటుంది. ఒకసారి అడిగాను.

"ఇదేంది సారూ?"

"పొలాలమ్మా."

"నీళ్ళు పెట్టినయా, ఎండినయా?"

సారు అల్లుడి ముఖం చూశాడు. అల్లుడు పైకప్పు చూశాడు.

"నీళ్ళు పెట్టిన పొలమైతే గా గుర్రం మోకాళ్ళ దాకా దిగబడుతది. గీడ ఉరుకుతున్నది."

"అది వేరే దేశం పొలమమ్మా."

"ఆ దేశంల బురద లేదా?"

నిజాంసాగర్ కాలువ నీళ్ళతో పండిన బియ్యం తిని పెరిగిన ముగ్గురు మగవాళ్ళు. ఒక్కడూ ఏనాడూ కాలు తడుపుకోలేదని ఆ గుడ్డ చూస్తేనే తెలిసిపోతుంది.

అల్లుడికి ఆ బొమ్మల మీద ఎంత మోజో చెప్పాలి. అన్నం దగ్గర కూర్చున్నా ఒకటి పక్కన పెట్టుకుంటాడు. మిగతా ఊర్లలో గోరంత సిపాయిలతో ఆడతారట, మనవి పెద్దవి, అదే గొప్ప అని ఒకరోజు నాకు చెప్పాడు.

"చెయ్యిల పట్టుకుంటే బరువు తెలుస్తది అత్తమ్మా. గిది చూడు, ముఖముంది. కండ్లున్నయి. ఒక్కొక్కని ముఖం ఒక్కొక్క తీరు."

"ముఖముంటే సంపనీకి మంచిగుంటదా?"

"సంపుడు గాదు, చరిత్ర ఇది."

"చరిత్రల గూడ గిట్లనే చాయ్ తాగుకుంట సచ్చిన్రా?"

అతను నవ్వాడు. మంచివాడే. మంచివాడు కాకపోతే అత్తను ఇంట్లో ఎందుకు పెట్టుకుంటాడు? కానీ ఆ తలుపు చెక్క అతనికి చాలడం లేదు. ఆట ఒక్క రోజులో తెగదు, ఆదివారం సాయంత్రం అన్నీ తీసి డబ్బాల్లో సర్దాలి. ఆట వారమంతా అట్లాగే నిలిచి ఉండాలని అతని కోరిక. దానికి ముందు గది మొత్తం కావాలి. నాతో చెప్పే ధైర్యం లేక బిడ్డతో చెప్పించాడు.

"అమ్మా, వెనక గది సల్లగుంటదే."

"సల్లగుంటే మీ ఆయన సిపాయిలను పండుకోబెట్టు."

వెనక గదికి ఒకటే కిటికీ. అది పక్కింటి గోడ వైపు తెరుచుకుంటుంది.

ఈ వానాకాలం మొదట్లో, నాట్లకు ఇంకా పది రోజులు ఉందనగా, అప్పటిదాకా వాళ్ళతో ఎర్రచొక్కాల వైపు ఆడే బ్యాంకాయనకు బదిలీ అయింది. సారూ షాపాయనా ఇద్దరూ నీలం వైపు, అల్లుడు తీర్పరి, ఇక ఎర్రచొక్కాలను నడిపేవాడే లేడు. ముగ్గురూ చావుకు వచ్చినట్టు ముఖాలు పెట్టుకొని కూర్చున్నారు. నేను మంచం మీద నుంచి ఏదో అన్నాను. షాపాయనకు మండింది.

"అవ్వా, మాటలు శాన చెప్తున్నవు. ఒక్కసారి ఆడి సూపియ్యరాదు?"

"ఆడుత. గెలిస్తే గీ బొమ్మలు ఇంట్ల కనవడొద్దు. సెల్ఫుల పెట్టుడు గూడ లేదు, మొత్తం పోవాలె."

అల్లుడి ముఖం తెల్లబోయింది. "ఓడితే?" అన్నాడు షాపాయన, అతనికేం పోయింది.

"ఓడితే నా మంచం నేనే తీసుకపోయి వెనక గదిల ఏసుకుంట."

మాట నా నోటి నుంచే వచ్చింది. ఎవరూ బలవంతపెట్టలేదు.

ఆట నియమాలను అల్లుడు తెలుగులో రాసి పెట్టుకున్నాడు, రెండు కాగితాలు. "సదివి చెప్పాల్నా అత్తమ్మా?" అన్నాడు. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, సాక్షర కేంద్రంలో, నా కంటే చిన్నదాని దగ్గర. ఇప్పటికీ వేలు పెట్టి చదువుతాను. కానీ చదువుతాను. "నాకు కండ్లు లేవా?" అని కాగితాలు లాక్కున్నాను. మొదటిది చదివేసరికి వాళ్ళకు రెండో చాయ్ అయిపోయింది. సారు గడియారం చూస్తున్నాడు. నాకు చిన్నతనం అనిపించింది. "తెలిసింది పా" అని రెండో కాగితం దిండు కింద పెట్టాను.

మొదటి కాగితంలో ఉన్నది ఇది. నా ఎర్రచొక్కాలు నలభై మంది, ఐదుగురు చొప్పున ఎనిమిది జట్లు. వెనక నీలం గుడ్డతో కాలువ, దాని మీద ఒక వంతెన. ఎనిమిది వంతుల్లో వెనక్కి తగ్గి వంతెన దాటాలి. వీపు తిప్పి నడిస్తే పాచికలు ఎంత చెబితే అంత దూరం. శత్రువు వైపు ముఖం ఉంచి వెనక్కి అడుగులు వేస్తే సగం దూరమే, కానీ జట్టు పక్కన జట్టు తెగకుండా ఉంటే గుర్రాలు వచ్చి పడినా వరుస విరగదు.

అందరూ వీపు తిప్పి ఉరుకుతారట. నాకు నవ్వొచ్చింది. వెనక్కి నడవడం నాకు నేర్పుతారా? నాటు వేసేది వెనక్కి నడుస్తూనే కదా. వంగి, నారు గుచ్చుతూ, వెనక్కి ఒక అడుగు. ఇరవై మంది ఒక్క వరుస. ఎవరి మునుము వాళ్ళది, అంటే ఎవరి వంతు పట్టీ వాళ్ళు నాటుకుంటూ పోవాలి. మొదటి వంతులోనే నా నలభై మందినీ ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక్క వరుసగా నిలబెట్టాను. వీపు తిప్పనివ్వలేదు.

నీలం గుర్రాలు రెండుసార్లు వచ్చి పడ్డాయి. విరగలేదు. షాపాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "గీ అవ్వ ఏడ నేర్సింది సారూ?" అన్నాడు. సారు మెడ మీద చెమట. అల్లుడు అయితే తీర్పరినన్న సంగతి మరిచి డబ్బాల వైపు చూస్తున్నాడు, అప్పుడే సాగనంపుతున్నట్టు.

ఒక మాట దాచకుండా చెబుతాను. నా చాయ్ చల్లారిపోయింది, నేను చూసుకోలేదు. మోకాళ్ళ నొప్పి గుర్తు లేదు. ఒక్కో బొమ్మను రెండు వేళ్ళతో పట్టి వెనక్కి జరుపుతుంటే నిజంగానే బరువు తెలుస్తుంది, ముఖం తెలుస్తుంది. అంత పనికిమాలిన ఆటలో అంత రుచి ఉండటం నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆరో వంతుకు వంతెన దగ్గరికి వచ్చాం. రెండు జట్లు దాటాయి. అప్పుడు చివరి మూల జట్టుకు పాచికలు అడ్డం తిరిగాయి. రెండు, మూడు, మళ్ళీ రెండు. డోలు కొట్టే సిపాయి ఉన్న జట్టు అది. వరుసకు మూరెడు దూరంలో, రెండు పక్కలా నీలం చొక్కాల మధ్య నిలిచిపోయింది.

నాట్లలో ఇట్లా జరుగుతుంది. ఒకతె చెయ్యి మెల్లగా ఆడుతుంది, లేదా జ్వరంతో వచ్చి ఉంటుంది. పక్కవాళ్ళు వెనక్కి పోతూనే ఉంటే రెండు పక్కలా నాటు పడి ఆమె సందులో ఒంటరిగా మిగిలిపోతుంది. అప్పుడు గుంపును నడిపేది "ఆగుండ్రి" అనాలి. పక్కనున్న ఇద్దరూ ఆమె మునుములోకి వంగి చెరికొంత అందుకొని ఆమెను వరుసలోకి తెచ్చుకోవాలి. ఆ తర్వాతే అందరూ కదలాలి. నా గుంపులో ఒక్కతె కూడా సందులో మిగలలేదు.

నేను వరుసను ఆపాను.

"ఆగుడెందుకు అవ్వా?" అన్నాడు షాపాయన, కుర్చీలో ముందుకు వంగి.

రెండు జట్లను ముందుకు పంపాను, డోలువాణ్ణి తీసుకురమ్మని. ఏడో వంతు దానికే పోయింది. సారు ఫిరంగులు వాళ్ళ మీదికి తిరిగాయి. ఎనిమిదో వంతులో వాళ్ళు వరుసకు ఇంకా నాలుగు అంగుళాల దూరంలోనే ఉన్నారు. రెండు జట్లను వాళ్ళ కోసం వరుసలోనే నిలబెట్టి, వంతెన మీద ఇంకో జట్టును దాటించాను. అంతటితో ఆట అయిపోయింది.

అల్లుడు నా దిండు కింద నుంచి రెండో కాగితం తీసి చదివాడు. నాలుగు జట్లు దాటితే ఎర్రచొక్కాలవాళ్ళు గెలిచినట్టు. వెనకబడ్డవాళ్ళు లెక్కలోకి రారు. నావి మూడు దాటాయి. ఆ మూల ఐదుగురిని వదిలేసి ఉంటే ఆరో ఏడో దాటేవి.

"ఐదుగురిని ఇడిచిపెడితే అయిపోవు గదమ్మా," అన్నాడు సారు.

"ఎవలను ఇడిచిపెట్టాలె?"

"బొమ్మలే గదా."

"పొద్దటి సంది చరిత్ర చరిత్ర అన్నరు. ఇప్పుడు బొమ్మలైనయా?"

ముఖముంది, కండ్లున్నయి అని నాకు చెప్పినవాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రెండో కాగితం చదవకపోవడం నా తప్పు. పొగరుతో చేసిన తప్పు. చదివి ఉంటే ఏం చేసేదాన్ని అని ఆ తర్వాత చాలాసార్లు నన్ను నేనే అడిగాను. ఆగేదాన్నే.

చర్చి నుంచి వచ్చిన బిడ్డకు నేను మంచం కోళ్ళు పట్టి ఈడుస్తూ కనబడ్డాను. మొగుడి మీద విరుచుకుపడింది. "సిగ్గున్నదా నీకు? ముసల్దానితోని పందెమా?" అల్లుడు రెండు చేతులా మంచం పట్టుకున్నాడు.

"వద్దత్తమ్మా. ఆటల మాట ఆటలనే పోతది. గీడనే ఉండు."

"ఇగ జరుగు. మాటంటే మాటనే."

అతన్ని మోయనివ్వలేదు. మోకాళ్ళు అరిచాయి, అరవనిచ్చాను.

ఇప్పుడు ముందు గదిలో కొత్త ప్లైవుడ్ బల్ల, గోడ నుంచి గోడ దాకా. నా కిటికీ కింద కార్డుబోర్డు ఊరు ఒకటి కట్టాడు. నాట్లు మొదలయ్యాయి. తెల్లవారుతుండగా ఆటోల మోత వెనక గదికి వినబడుతుంది, మాట వినబడదు. మొదటి రోజు ఎవరో కిటికీ కాడ రెండుసార్లు "అవ్వా" అని పిలిచారని అల్లుడే వచ్చి చెప్పాడు. ఏమని జవాబిచ్చావని అడిగాను. ఏమీ అనలేదట. యుద్ధాలు నడిపే మనిషికి ఆటోలో పోయే ఆడదానితో ఏమనాలో తెలియలేదు.

ఆదివారాలు గుమ్మంలోకి వచ్చి, రంగు అంటిన చేతులు పంచెకు తుడుచుకుంటూ నిలబడతాడు.

"అత్తమ్మా, ఒకరు తక్కువైతున్నరు. సారు గూడ నిన్నే అడుగుతుండు. రాదూ?"

"రెండో కాగితం మీద గా వెనకబడ్డోళ్ళ మాట కొట్టేసినవా?"

"గది కొట్టేస్తే ఆటనే ఖరాబైతది."

"కానియ్."

వెళ్ళిపోతాడు. కాసేపటికి పాచికల చప్పుడు. ఇప్పటికి ఏడు ఆదివారాలు. ముగ్గురే ఆడుకుంటున్నారు, ఎర్రచొక్కాలు ప్రతిసారీ వీపు తిప్పే ఉరుకుతున్నాయని బిడ్డ చెప్పింది.