సిలోనక్క పుస్తకం

మొన్న హోసూరులో పుస్తకాల ప్రదర్శనకు వెళితే, సిలోన్ నుంచి వచ్చిన తమిళ పుస్తకాలను ఒక బల్ల మీద బాహాటంగా పరిచి అమ్ముతున్నారు. కాలేజీ పిల్లలు బేరమాడి కొనుక్కుంటుంటే నేనూ ఒకటి చేతిలోకి తీసుకుని, తెరవకముందే వెనక్కి తిరిగి చూశాను, పోలీసులెవరైనా ఉన్నారేమోనని. ఈ వయసులో ఇదేం భయమని మీరు నవ్వుతారేమో గానీ, తొంభైల మొదట్లో కృష్ణగిరిలో కాపురం చేసినవాళ్ళు నవ్వరు.

మా అత్తగారింట్లో చింతపండు వ్యాపారం. గింజ తీసే పనికి శరణార్థుల క్యాంపు నుంచి ఒకావిడ వచ్చేది. అందరం సిలోనక్క అనేవాళ్ళం. యుద్ధంలో పోయిన ఆమె భర్త బడిపంతులు, పాటలు కట్టేవాడు. ఆ పాటలు అచ్చయిన చిన్న పుస్తకం ఒక్కటే ఆమె పడవలో తెచ్చుకున్న ఆస్తి. క్యాంపు గుడిసె కురుస్తుందని మా ఇంట్లో పెట్టుకుంది. మా మామగారి చిన్నతనంలో ఇక్కడి పత్రికలు సిలోనుకూ, అక్కడి పుస్తకాలు ఇక్కడికీ సంతకు పోయివచ్చినంత సులువుగా వచ్చిపోయేవట. మధ్యాహ్నాలు నేను ఆమె పుస్తకంలోని పాట తమిళంలో చదివి వినిపిస్తే, మా అత్త గింజలు తీస్తూనే దాన్ని మన తెలుగులోకి తిప్పి, కోతల పాటల బాణీలో పాడేది. సిలోనక్కకు తెలుగు ముక్క రాదు, అయినా వింటూ ముసిముసిగా నవ్వుకునేది.

అంతలో ఆ ఎండాకాలం ఆ హత్య జరిగింది, మాజీ ప్రధానిని సిలోన్ నుంచి వచ్చినవాళ్ళు బాంబుతో చంపారు. సిలోన్ అనే మాట వినబడితే చాలు, జనం తలుపులు వేసుకునే రోజులు వచ్చాయి. అక్కడి కాగితం ముక్క దొరికినా ఇంటిల్లిపాదినీ పట్టుకుపోతారని బజారంతా గుసగుసలు. నాకప్పుడు ఏడో నెల. వీధిలో జీపు చప్పుడైతే తింటున్న అన్నం వదిలేసి పెరట్లోకి పోయేదాన్ని. నిజం చెబుతున్నాను, అంత భయం నేను మళ్ళీ ఎన్నడూ పడలేదు.

మా ఆయన ఒక పొద్దున అరిచేశారు. "అమ్మా, నీకేమన్నా పిచ్చి పట్టిందా? జీపొచ్చి నిలబడితే ఆ పుస్తకాన్ని యాడ దాస్తావు?"

"నువ్వు ఊరుకోప్పా! నమ్మి పెట్టిపోయిన సొత్తును నేను నిప్పులో వేసేదా?" అంది మా అత్త. అంటూనే పోయి వీధి తలుపు గడియ వేసి వచ్చింది.

ఆ వారమే పక్కవీధిలో సోదా జరిగింది. మర్నాడు సిలోనక్క క్యాంపు దాటడానికి ఎలాగో అనుమతి తెచ్చుకుని వచ్చింది. నా కడుపు వంక చూసింది. పుస్తకం అడిగి తీసుకుని, నేరుగా పెరట్లోకి పోయి, స్నానానికి నీళ్ళు కాగుతున్న పొయ్యిలో పెట్టేసింది. మా అత్త లబోదిబోమంటూ పరుగెత్తేలోపే అట్ట అంటుకుంది. మీ బిడ్డ చల్లగా ఉండాలమ్మా అని ఆమె తమిళంలో అంటూ అక్కడే కూలబడింది. నాకు ఏడుపూ వచ్చింది, గుండె మీది బరువూ దిగింది.

కొన్నాళ్ళకు ఆమెను తిరిగి వాళ్ళ దేశానికి ఓడ ఎక్కిస్తున్నారని తెలిసింది. అక్కడ ఇల్లుందో లేదో, ఎవరైనా మిగిలారో లేదో! చెప్పిపోదామని వచ్చి, ఈ భయంలో ఆయన పాటలు మరిచిపోయాను, మొదటి ముక్కలు తప్ప నోటికి రావడం లేదని బావురుమంది. మా అత్త ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కటే తెలుగులో పాడింది. మాటలు అర్థం కాకపోయినా, వాళ్ళ ఊరి పేరు వచ్చినచోటల్లా సిలోనక్క తల ఊపింది. అయిపోగానే మళ్ళీ పాడమంది.

ఆ తర్వాత ఆమె జాడ తెలియలేదు. మా అత్తా పోయింది. ఇప్పుడు ఆ దేశపు పుస్తకం చదివితే అడిగేవాళ్ళు లేరు. తమిళంలో పుట్టిన ఆ పాటలు నా నోట తెలుగులో, అవీ సగం సగం, మిగిలి ఉన్నాయి. పాడితే మా మనవరాలు ఇవి ఎవరు రాశారవ్వా అంటుంది. అట్ట మీద రోజూ చూసిన పేరే. పొరపాటున కూడా పైకి అనకూడదని ఆ రోజుల్లో మింగి మింగి, ఇప్పుడు ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.